నాలుక కింద కొడవలి

శవం నోట్లో వెండి నాణెం దొరికింది.

"పరలోకపు పడవవాడికి కూలి. ఇందులో వింతేముంది?" అన్నాడు ఓపియస్. రోము నగర వేగులకు అధిపతి ఆయనే.

"పడవవాడికి రాగి చాలు, దొరా. వెండి ఎవడు పెడతాడు?" గూఢచారి నీవియస్ నాణేన్ని అంగీకి తుడిచాడు. "ఈ చచ్చిన మన వేగు దీన్ని హంతకుల ముఠా దగ్గర కొట్టేశాడు. చచ్చేముందు నాలుక కింద దాచాడు."

నాణెం మీద గడ్డం ముఖం, వెనక కొడవలి. శాటర్న్ దేవుడు. రోముకు శత్రువైన పాంటస్ రాజు పంపిన హంతక ముఠాకు నాణెమే కోడ్. దాని మీద ఏ దేవుడుంటే ఆ గుడి దగ్గరే హత్య. ఇవాళ శాటర్న్ పండగ. కాసేపట్లో రోమును ఏలే కాన్సుల్ ఆ గుడి ముందే బలి ఇవ్వబోతున్నాడు.

"అది పాత కబురు." తలుపు దగ్గర నవ్వింది ఖియోనే. అలెగ్జాండ్రియా అందగత్తె, ముఠా రహస్యాలు ఓపియస్‌కు అమ్మే మనిషి. ఆమె అరచేతిలో ఇంకో నాణెం, దాని మీద గుర్రాలెక్కిన కవల దేవుళ్ళు. "కాన్సుల్ దారిలో కవలల గుడి దాటాలి కదా? అక్కడే వేసేస్తారు."

ఓపియస్ కాపలావాళ్ళందరినీ అటు పంపేశాడు.

"దీని మాట నమ్ముతారా, దొరా?"

"నీ శవం మాట కంటే నయం. కాన్సుల్ చచ్చాడో, ముందు నీ తల తీయిస్తా. పో!"

నీవియస్ ఒక్కడే శాటర్న్ గుడికి పరిగెత్తాడు.

కాన్సుల్ కవలల గుడి క్షేమంగా దాటి వచ్చేశాడు. బలిపీఠం చుట్టూ తెల్లబట్టల పరిచారకులు. అందరివీ గీసిన గడ్డాలు, వంచిన తలలు. వీళ్ళలో హంతకుడెవడు?

ప్రార్థన మొదలైంది. రోములో మామూలుగా దేవుడికి బలి ఇచ్చేటప్పుడు తల మీద గుడ్డ కప్పుకుంటారు. శాటర్న్ ముందు మాత్రం తీసేస్తారు. కాన్సుల్ తీశాడు. పరిచారకులూ తీశారు.

ద్రాక్షసారా కూజా పట్టుకున్నవాడు మాత్రం ఎంతో భక్తిగా గుడ్డ తల మీదికి లాక్కున్నాడు.

నీవియస్ దూకాడు. కూజా పగిలింది. వాడి చేతిలోని విషం పూసిన సూది కాన్సుల్ మెడకు వేలెడు దూరంలో ఆగిపోయింది.

"ఎవడ్రా నీకు మొక్కడం నేర్పింది?" వాడి చెయ్యి విరుస్తూ గర్జించాడు నీవియస్.

వాడి చూపు జనంలోకి పోయింది. అక్కడ ఖియోనే, తీరిగ్గా నడిచి వస్తోంది.

"నేనే నేర్పాను. శాటర్న్ సంగతి మాత్రం చెప్పడం మరిచిపోయాననుకో," అంది తియ్యగా. "మీ కాన్సుల్ బతికాడంటే నా చలవే. బహుమానం ఏదయ్యా?"

"కాపలావాళ్ళని కవలల గుడికి తోలిందీ నువ్వేగా?" నీవియస్ ఆమె రెండు చేతులూ వెనక్కి విరిచి సంకెళ్ళు బిగించాడు.

"నువ్వు మా మనిషివన్న సంగతి నేనూ మరిచిపోయాననుకో."