థియేటర్‌కి రెండంతస్తుల కింద

లిఫ్ట్ ఒక్క కుదుపుతో ఆగింది!

ఆమె తూలి గోడకి గుద్దుకుంది. చేతిలోని తెల్ల పెట్టె జారబోయింది... ఒడిసి పట్టుకుంది. మణికట్టు దగ్గర ఏదో కలుక్కుమంది. పెట్టె మాత్రం నేలకి తగల్లేదు.

నాలుగో అంతస్తు దాటింది. ఐదుకి చేరలేదు. ఆపరేషన్ థియేటర్ ఆరులో ఉంది.

పెట్టెలో, ఐసు మధ్య, ఒక మనిషి లివర్ ఉంది.

కరెంటు పోయిందేమో అనుకుంది. లైటు వెలుగుతూనే ఉంది. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది.

అప్పుడు చూసింది. ఎర్ర బటన్ మీద ఒక వేలు.

గార్డు వేలు!

ఆమె ఆ ఆస్పత్రిలో ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్. అవయవాలు ఇచ్చేవాళ్ళ ఇంటివాళ్ళతో మాట్లాడటం, పుచ్చుకునేవాళ్ళని సిద్ధం చేయడం, పెట్టెని క్షేమంగా థియేటర్‌కి చేర్చడం ఆమె పని. అంబులెన్సు దగ్గర్నుంచి ఈ గార్డు కాపలాగా వెంట వచ్చాడు. ఆరడుగుల మనిషి. దారంతా నోరు విప్పలేదు.

ఇప్పుడు విప్పాడు.

"పెట్టె కింద పెట్టండి మేడమ్."

రెండో చేతిలో పిస్టల్. గురి ఆమె మీదే. 

పెట్టె కింద పెట్టింది.

ఒకదాని మీద ఒకటి పడే మాటలతో అతను చెప్పుకొచ్చాడు. తనకి ఒక అక్క ఉందట. అమ్మ పోయాక తనని పెంచింది ఆవిడే. లివర్ పాడైపోయి ఏడాదిగా ఈ ఆస్పత్రి లైన్లోనే ఉంది. కళ్ళు పచ్చబడ్డాయి, పొట్ట ఉబ్బిపోయింది. గేటు దగ్గర నిలబడి ఎన్ని పెట్టెలు లోపలికి పోవడం చూశాడో! ఒక్కటీ అక్కకి రాలేదు. ఇది కూడా ఎవడో పెద్దమనిషికే అయి ఉంటుంది. అందుకే ఆమె ఇప్పుడు పెద్ద డాక్టర్‌కి ఫోన్ చేసి, ఈ లివర్ అక్కకేనని ఒప్పించాలి. లేదంటే లిఫ్ట్ కదలదు.

ఆమె ఫోనే మోగింది.

పెద్ద డాక్టర్! ఎక్కడ చచ్చారని అరుస్తున్నాడు. పేషెంట్ కడుపు తెరిచేశామంటున్నాడు...

ముందు ఏం మాట్లాడాలో తను చెబుతానంటూ గార్డు ఫోన్ లాక్కుని కట్ చేశాడు.

ఆమె బుర్ర చకచకా పనిచేసింది. ఈ పెట్టె మీద ఇతనికి ఆశ చావాలి. ఆశ చస్తే దారి ఇస్తాడు.

"ఇది నువ్వనుకునేలాంటి లివర్ కాదు బాబూ. ఇచ్చినతనికి హెపటైటిస్ సి ఉంది. లివర్‌ని తినేసే వైరస్."

అన్న మరుక్షణమే తప్పు చేశానని అర్థమైంది.

గార్డు మొహంలో రక్తం ఇంకిపోయింది. పిస్టల్ దిగలేదు... పైకి లేచింది!

అతని నాన్న పోయింది ఆ రోగంతోనే. రక్తం కక్కుకుని, ఈ అక్క ఒళ్ళోనే. అప్పట్లో డాక్టర్లు చేతులెత్తేశారు. రెండు నెలల కిందట ఇదే ఆస్పత్రి వాళ్ళు అక్కకి అలాంటి లివర్ పెడతామంటే, కుర్చీ తన్ని మరీ బయటికి వచ్చేశానన్నాడు.

బూటు కాలు తీసి పెట్టె మూత మీద పెట్టాడు.

"ఈ విషం ఎవరి ఒంట్లోకీ పోకూడదు. ఇక్కడే తొక్కేస్తా."

ఆమె గుండె జారిపోయింది. బూటుని చూసి కాదు. ఆ కుర్చీ మాట విని!

ఆ కుర్చీ సంగతి ఆమెకి తెలుసు. మర్నాడు ఒకావిడ ఒంటరిగా వచ్చి, తమ్ముడు కుర్చీ తన్నిన సంగతి నవ్వుతూ చెప్పింది. హెపటైటిస్ సి ఉన్న లివరైనా సరే, పెట్టమంది. తమ్ముడు ఇక్కడే పనిచేస్తాడనీ, వాడికి మాత్రం తెలియనివ్వొద్దనీ చేతులు పట్టుకుని అడిగింది. ఏ తమ్ముడో అడక్కుండానే మాటిచ్చేసింది తను.

ఈ మధ్యాహ్నం ఫోన్ చేసి పిలిపించింది ఆవిడనే. తమ్ముడి కంట పడకుండా, వెనక గేటు వైపు నుంచి.

ఆరో అంతస్తులో కడుపు తెరుచుకుని పడుకున్నది... ఇతని అక్క!

చెప్పకపోతే తొక్కేస్తాడు. చెబితే? ఆ విషం తన అక్కకే ఎక్కిస్తున్నారని తెలిస్తే... ఇంకా గట్టిగా తొక్కుతాడేమో! ఎటు తిరిగినా స్టీలు గోడే. వెనక్కి అడుగు వేయడానికి చోటే లేదు.

బూటు కింద మూత కిర్రుమంది.

"కాలు తియ్యి. అది మీ అక్కది."

గార్డు నవ్వాడు. ప్రాణం మీదికొస్తే ఎవరైనా ఇలాంటి కథలే చెబుతారన్నాడు. అక్క ఇంట్లో పడుకుని ఉందన్నాడు. నిరూపించడానికి తన ఫోన్ తీసి కలిపాడు.

మోగింది. మోగుతూనే ఉంది. ఎవరూ ఎత్తలేదు.

మళ్ళీ కలిపాడు. మళ్ళీ అంతే.

నిద్రపోతోందన్నాడు. ఆమెతో కాదు, తనలో తను.

"నిన్ను బుడ్డోడా అని పిలుస్తుంది కదూ?"

కాలు బిగుసుకుపోయింది.

"మా బుడ్డోడికి చెప్పకండి, గోల చేస్తాడు అంది. నాన్నని కళ్ళారా చూశాడు, వాడికి ఆ రోగం పేరంటేనే భయం అంది."

గార్డు చెవి దగ్గర్నుంచి ఫోన్ దించాడు.

"తెలిసే ఒప్పుకుందా?"

"తెలిసే. మీ నాన్న రోజుల్లో సరైన మందు లేదు. ఇప్పుడుంది. ఆపరేషన్ అయ్యాక కొన్నాళ్ళు మాత్రలు వేసుకుంటే దాదాపు అందరికీ ఆ వైరస్ పోతోంది. వేరే లివర్ కోసం ఆగితే మాత్రం... ఆవిడ ఆగలేదు."

"మీరు అబద్ధమాడుతుంటే?"

"అప్పుడు కాల్చు. కానీ పైకి వెళ్ళాక."

కాలు దిగింది.

అతను మోకాళ్ళ మీద కూర్చుని, మూత మీది బూటు మురికిని చొక్కా చేత్తో తుడిచాడు. పిచ్చిపట్టినట్టు తుడిచాడు. తర్వాత లేచి బటన్ నొక్కాడు.

లిఫ్ట్ కదిలింది!

ఆమె పెట్టె ఎత్తబోయింది. మణికట్టు వాచిపోయింది, వేళ్ళు మాట వినలేదు. గార్డు పిస్టల్‌ని ఆమె కోటు జేబులో కుక్కేసి, పెట్టెని రెండు చేతులా ఎత్తుకున్నాడు. పసిబిడ్డని ఎత్తుకున్నట్టు.

ఐదు...

ఆరు!

తలుపులు తెరుచుకున్నాయి. ఎదురుగా ఇద్దరు గార్డులు, పిస్టళ్ళు గురిపెట్టి. లిఫ్ట్ కెమెరాలో అతను ఆమెకి గురిపెట్టడం చూసి పరుగున వచ్చినవాళ్ళు.

అతను వాళ్ళని చూడనే లేదు. కారిడార్ చివర థియేటర్ తలుపు ఒక్కటే చూశాడు.

పరుగెత్తాడు.

ఆగమని కేక. కాల్చొద్దని ఆమె కేక. రెండూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి.

ఢాం!

అతను ముందుకి పడలేదు. పెట్టె ఒరక్కుండా, నెమ్మదిగా, మోకాళ్ళ మీదికి దిగాడు. వీపు మీద యూనిఫాం తడిసిపోతోంది. పెట్టె చుట్టూ చేతులు బిగుసుకున్నాయి. ఆ గార్డులిద్దరూ కలిసి లాగినా పెట్టె రాలేదు.

ఆమె పక్కనే కూలబడి చెవి దగ్గర చెప్పింది.

"వదులు తమ్ముడూ. నేను తీసుకెళ్తా."

వేళ్ళు ఒక్కొక్కటే సడలాయి.

బాగున్న చేత్తో పెట్టెని గుండెకి అదుముకుని పరుగెత్తింది. వెనక స్ట్రెచర్ కోసం ఎవరో అరుస్తున్నారు. తిరిగి చూడలేదు. చూస్తే కాళ్ళు ఆగిపోతాయి.

థియేటర్‌లో పెద్ద డాక్టర్ మూత తీశాడు. లివర్‌ని అటూ ఇటూ తిప్పి చూసి, బాగానే ఉందన్నాడు. లేటెందుకైందని అడగలేదు. చేతులు పనిలో పెట్టేసి, బయట ఆ చప్పుడేమిటన్నాడు.

ఆకుపచ్చ గుడ్డల మధ్య ఆవిడ మొహం ప్రశాంతంగా ఉంది.

"ఆవిడ తమ్ముడు" అంది ఆమె. "లివర్ తెచ్చాడు."