తుడిచిన తుపాకీ

“దయాసాగర్‌ని ఈ రోజు చంపుతారు,” అన్నాడు చీఫ్ నర్సింగం, టీ గ్లాసు కింద పెడుతూ. “ఎవరు చంపుతారో తెలీదు. ఎక్కడ చంపుతారో తెలీదు. దేంతో చంపుతారో మాత్రం తెలుసు.”

రామగుండం స్టేషన్ వెయిటింగ్ రూములో పొద్దున్నే జనం పల్చగా ఉన్నారు. ఏజెంట్ జైపాల్ ఫోన్‌లో ఫొటో చూశాడు. కురచ బ్యారెల్ రైఫిల్. మడతపెడితే గని కార్మికుడి టిఫిన్ బ్యాగులో ఇమిడిపోతుంది. చూస్తే ఆటబొమ్మలా ఉంది, వీధి వెడల్పులో మనిషిని పడగొట్టడానికి మాత్రం అంతకన్నా అక్కర్లేదు.

“టార్గెట్ ఎందుకయ్యాడు సార్?”

“కరెంటు కేంద్రంలో కంట్రోల్ రూం ఇంజినీర్. బయటి దేశం నుంచి వచ్చిన ఒక పరికరంలో దొంగ చిప్ పట్టుకున్నాడు. వాళ్ళు అక్కడ బటన్ నొక్కితే ఇక్కడ సగం దేశం చీకటైపోతుంది. సాక్ష్యంతో సాయంత్రం ఢిల్లీ రైలెక్కుతాడు. అప్పటిదాకా గని కాలనీలో, తండ్రి నాటి క్వార్టర్‌లోనే, ఇద్దరు గార్డులతో.”

“ఇప్పుడే తీసుకెళ్ళొచ్చుగా?”

“హెలికాప్టర్ అడిగాను. ఫైలు కదులుతోందన్నారు.”

ఆ బయటి దేశం వాళ్ళ కిరాయి ముఠా రైఫిల్‌ను బొగ్గు లారీలో, బొగ్గు కింద పాతిపెట్టి తెచ్చింది. సురక్షితంగా చేరింది గానీ లోపలంతా దుమ్ముతో బిగుసుకుపోయింది. బాగుచేయడానికి బెల్లంపల్లి నుంచి సదయ్య అనే నాటుతుపాకుల మెకానిక్‌కు కబురు పెట్టారు. సదయ్య నిన్నటి నుంచి చీఫ్ లాకప్‌లో అతిథి. అతని ముఖం ఆ ముఠాలో ఎవరూ చూడలేదు.

“నువ్వే సదయ్యవి,” అన్నాడు నర్సింగం. “ఫీల్డుకు రాకముందు తుపాకులు బాగుచేసే ఆర్మరర్‌వి కదా, చెయ్యి మరిచిపోయి ఉండదు.” అగ్గిపెట్టె ఒకటి ముందుకు జరిపాడు. లోపల సన్నటి ఉక్కు సూది. తూటా వెనక కొట్టి పేల్చే ఫైరింగ్ పిన్. “అచ్చం దానిలాంటిదే. వెంట్రుకవాసి పొట్టి. క్లిక్ మంటుంది, తూటాకు తగలదు. ఆ పిన్ ఉండే బోల్టు విప్పినప్పుడు మార్చెయ్.”

“అక్కడ మన మనిషి?”

“క్రిస్టినా. బ్యూటీ పార్లర్ ఓనర్. రెండేళ్ళుగా వాళ్ళ సందేశాలన్నీ ఆమె పార్లర్ మీదుగానే నడిచాయి. హిట్ లిస్టులో దయాసాగర్ పేరు విన్న రోజు నా దగ్గరికొచ్చింది. అతను ఆమె సొంత అన్న.”

“నమ్మొచ్చా?”

“నమ్మక చేసేదేముంది?”

గోదావరిఖనిలో క్రిస్టినా పార్లర్ సెంటు వాసనతో, చల్లటి ఏసీతో వేరే దేశంలా ఉంది. తెల్లబడ్డ మీసంతో, కుంటికాలితో, గోనెసంచితో, సదయ్య వేషంలో జైపాల్ పార్లర్ వెనక తలుపు దగ్గర నిలబడ్డాడు. తలుపు తీసింది రాజం. ముఠా లోకల్ మనిషి. ఒకప్పుడు ఆటో నడిపేవాడు, ఇప్పుడు మనుషుల్ని నడిపిస్తున్నాడు.

“సైకిల్ పంపుకు వాషర్ తెచ్చినవా కాక?” రాజం కోడ్ అడిగాడు.

“తోలుది దొరకలే బిడ్డా. రబ్బరుదే తెచ్చిన.”

లోపల టేబుల్ మీద టవల్, టవల్ మీద రైఫిల్. పక్కనే క్రిస్టినా, ఎర్రచీరలో, సినిమా పోస్టర్ నుంచి దిగినట్టు. గోళ్ళకు రంగు వేసుకుంటోంది గానీ రంగు గోళ్ళు దాటి వేళ్ళకు అంటుకుంటోంది.

జైపాల్ మొదట మ్యాగజైన్ తీశాడు. బోల్టు వెనక్కి లాగి, తూటా కూర్చునే చాంబర్‌లో చిటికెనవేలు పెట్టి ఖాళీ అని చూసుకున్నాడు. ఎన్నేళ్ళయినా ఇది మాత్రం కళ్ళను నమ్మి వదిలేయడు. తర్వాత ఒక్కో భాగం విప్పి టవల్ మీద వరుసగా పెట్టాడు. లోపల బొగ్గు పొడి, పాత మసి కలిసి అట్టలు కట్టింది. పొట్టి బ్యారెల్‌తో వచ్చే చిక్కే అది. మందు పూర్తిగా కాలకముందే తూటా బయటపడుతుంది, మిగిలిన మసి అంతా వెనక్కి తన్నుతుంది.

“దూది ఉన్నదా బిడ్డా?”

క్రిస్టినా మేకప్ తుడిచే దూది పొట్లం అందించింది. చెయ్యి వణికింది. రాజం చూశాడు. “ఏసీ జర తక్కువ చెయ్యి అక్కా, వణుకుతున్నవ్,” అన్నాడు.

చాంబర్ వైపు నుంచి బ్రష్ దూర్చి బ్యారెల్ చివరిదాకా తోశాడు జైపాల్. దూది నల్లగా వచ్చింది. మళ్ళీ నల్లగానే వచ్చింది. తర్వాత బూడిదరంగు. ట్రిగ్గర్ సందుల్లో టూత్‌బ్రష్ తిప్పి, జుట్టు ఆరబెట్టే డ్రయర్‌తో దుమ్ము ఊదాడు. గ్యాస్ రంధ్రం సన్న తీగతో గీకాడు. మ్యాగజైన్ స్ప్రింగ్ తీసి పొడిగుడ్డతో తుడిచాడు. బోల్టు విప్పుతూ రాజం ఫోన్ వైపు చూసిన క్షణంలో పిన్ మార్చేశాడు. గోనెసంచిలోకి జారిన అసలు పిన్ చప్పుడు కూడా చేయలేదు.

“గింతేనా నూనె? మంచిగ పొయ్ కాక,” అన్నాడు రాజం.

“ఎక్కువ పోస్తే మీ ఊరి దుమ్మంత వచ్చి అంటుకుంటది. ముద్దయి మధ్యల పట్టుకుంటది. తడి తగిలిందా లేదా అన్నట్టుండాలె.”

నిజం చెప్పాలంటే అప్పటికి జైపాల్ ఎందుకొచ్చాడో సగం మరిచిపోయాడు. మురికి తుపాకీని చూసి ఊరుకోలేని చెయ్యి అతనిది. చివరి దూది తెల్లగా వచ్చినప్పుడు అతనికి సంతోషం కూడా కలిగింది. మళ్ళీ బిగించి బోల్టు లాగి వదిలాడు. నూతన వధువు గాజుల్లా చక్కటి శబ్దం. క్లిక్.

“శబాష్,” అన్నాడు రాజం. అని, జేబులోంచి మైనపు కాయితం పొట్లం తీశాడు. విప్పితే లోపల మెరిసిపోతున్న ఇంకో బోల్టు, దాని పిన్‌తో సహా.

“గిదేంది బిడ్డా?” అడిగాడు జైపాల్.

“మా సార్ బోల్టు తానే పంపుతడు. పరాయోళ్ళు ముట్టింది తుపాకిల పెట్టనియ్యడు. ఏమనుకోకు కాక.” జైపాల్ చేతిలోని బోల్టు తీసి టేబుల్ మీద పడేశాడు. కొత్తది బిగించి, రైఫిల్ మడిచి టిఫిన్ బ్యాగులో పెట్టాడు. “సైరన్‌కు ముందే అందియ్యాలె. వస్త.”

జైపాల్ చెయ్యి నడుము దగ్గరి పిస్టల్ మీదకు వెళ్ళింది. చెవిలో దాచిన ఇయర్‌ఫోన్‌లో చీఫ్ గొంతు పలికింది. “వదిలెయ్. వీణ్ణి పట్టుకుంటే షూటర్ మాయమవుతాడు. మనవాళ్ళు ఫాలో అవుతున్నారు.”

మనవాళ్ళు ఫాలో అయ్యారు. చౌరస్తాలో షిఫ్టు దిగిన జనం, ఒకే రంగు షేర్ ఆటోలు. రాజం ఒక ఆటో దిగి ఇంకోటి ఎక్కాడు. మనవాళ్ళు మొదటి ఆటో వెనకే మంచిర్యాల రోడ్డుదాకా వెళ్ళారు.

“ఏ సైరన్?” పార్లర్‌లో క్రిస్టినాను అడిగాడు జైపాల్.

క్రిస్టినా ముఖంలో నెత్తురు లేదు. “ఓపెన్‌కాస్ట్ గనిల బ్లాస్టింగ్‌కు ముందు కొట్టే సైరన్ సార్. అది కూస్తే మా కాలనీల ఒక్కలు లోపల ఉండరు. గోడలన్ని పలిగి ఉన్నయ్, స్లాబు మీద పడ్తదని భయం. అద్దాలు పలుగకుంట కిటికీలు తెరిచిపెట్టి రోడ్డు మీదికొస్తం. చిన్నప్పటి సంది గదే అలవాటు.” నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. “నేనే చెప్పిన సార్. పోయిన నెల ఒక పిల్లి కండ్లాయన ఫేషియల్‌కు వచ్చిండు. డంపర్ల ఇంజినీర్‌నన్నడు. మాటల మాటల అడిగిండు. నవ్వుకుంట చెప్పిన.”

ఆమె స్కూటీ మీద వెనక కూర్చుని జైపాల్ చీఫ్‌కు ఫోన్ చేశాడు. “దయాసాగర్‌ని బయటికి రానివ్వద్దని చెప్పండి. సైరన్ మోగినా సరే.”

“చెప్పేశా. తలుపు గడియపెట్టారు. గార్డులిద్దరూ ఢిల్లీ కుర్రాళ్ళు, ఆర్డరంటే ఆర్డరే.”

కాలనీ మలుపు తిరుగుతుండగానే సైరన్ మోగింది.

ఆర్డరంటే ఆర్డరే. ఢిల్లీ కుర్రాళ్ళు కదల్లేదు. కానీ దయాసాగర్ ఆ ఇంట్లోనే పుట్టాడు, ఆ సైరన్‌తోనే పెరిగాడు. తన ప్రాణం మీద కుట్ర ఉందన్న సంగతి ఆ క్షణంలో అతని కాళ్ళకు గుర్తులేదు. నెత్తిమీది స్లాబు గుర్తుంది. ఆ పరాయి ఊరి కుర్రాళ్ళిద్దరూ దాని కింద ఉన్నారని గుర్తుంది. “పాగల్ గాళ్ళలెక్క నిలబడ్డరేంది! నడువుండ్రి బయటికి!” అని గడియ తీసి, గార్డులిద్దర్నీ చెరో చేత్తో ఈడ్చుకుంటూ రోడ్డు మీదికి వచ్చాడు.

వీధంతా అప్పటికే బయట ఉంది. టపటపా కిటికీలు తెరుచుకుంటున్నాయి. ఆడవాళ్ళు ముక్కులకు కొంగులు అడ్డం పెట్టుకుని గోడలకు దూరంగా నిలబడ్డారు. జైపాల్ మేడల వైపు చూశాడు. వంద కిటికీలు. దేంట్లో అని వెతకాలి?

“అగో!” క్రిస్టినా అరిచింది. “గా కిటికీ తెరవలే!”

ఎదురు వరుసలో, మూతపడ్డ కిరాణాషాపు పైగది. వీధిలో కిటికీలన్నీ తెరుచుకుని ఉంటే అదొక్కటే మూసి ఉంది. కింది అద్దం మూల బ్యారెల్ పట్టేంత కోసేసి ఉంది. ఈ ఊళ్ళో ఒక్క నెల కాపురం చేసినవాడెవడూ సైరన్ మోగాక కిటికీ మూసి కూర్చోడు. పిల్లి కళ్ళాయన కాపురం చేయలేదు, ఫేషియల్ చేయించుకున్నాడు.

జైపాల్ పిస్టల్ తీశాడు. క్రిస్టినా అప్పటికే స్కూటీ వదిలేసి పరుగెడుతోంది. “అన్నా! కింద పండుకో!”

నేల అదిరింది. బ్లాస్టింగ్ మోతలో జైపాల్ తన పిస్టల్ చప్పుడే తాను వినలేదు. కిటికీ అద్దం రాలింది. వెనక మనిషి ముందుకు వాలిపోయాడు. దుమ్ము తగ్గాక రోడ్డు మీద దయాసాగర్ బతికే ఉన్నాడు, చెల్లెలి కింద. అతని చొక్కా మీది నెత్తురు అతనిది కాదు.

కిరాణాషాపు మెట్ల మీదే రాజం దొరికాడు. దయాసాగర్ సాయంత్రం రైలెక్కాడు. చీఫ్ ఢిల్లీకి ఫోన్ చేసి మిషన్ సక్సెస్ అన్నాడు. అటువైపు ఎవరో అభినందించారు కూడా.

జైపాల్ దవాఖానలో క్రిస్టినా మంచం పక్కన నిలబడ్డాడు. ప్రాణానికి భయం లేదన్నారు. భుజం ఎముక నుజ్జయింది, కుడిచెయ్యి ఇక లేవదన్నారు. ఆ చేత్తోనే ఆమె పార్లర్ నడిపింది. అతనికి ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

“సదయ్యే వచ్చి ఉంటే రాజం చెప్పినట్టు నూనె గుమ్మరించేవాడు,” అన్నాడు. “ఆ దుమ్ముకు తుపాకీ ఎక్కడో ఇరుక్కుపోయేది. పేలేది కాదేమో. దాన్ని పేలేలా చేసింది నేనే.”

క్రిస్టినా కిటికీ చువ్వల మీది నల్లటి దుమ్ము వైపు చూసింది.

“మేం పొద్దుమాపు ఊడ్చినా మా ఇండ్లల్ల బొగ్గు పోదు సార్,” అంది. “మీరు ఒక్క పూటల మొత్తం పోగొట్టిండ్రు.”