మధ్య గడి ఖాళీ

"మధ్య గడి ఖాళీగా వదిలేసినా అన్ని టెస్టులూ నడుస్తాయి. కొంపలేం మునిగిపోవు," అన్నాడు అతను, ఆమె కుర్చీ వెనక నిలబడి.

"మునిగితే మీరొచ్చి తేలుస్తారా?" అంది తల తిప్పకుండానే.

అదీ వాళ్ళ తొలి పరిచయం. ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టులు నడిపే బిల్డ్ సర్వర్ని అతను చూసుకునేవాడు, ఆమె కొత్తగా చేరిన టెస్టర్. బిల్డ్ పేజీలో మూడు గడులు: వెర్షన్, టెస్టు పేరు, ఏ సర్వర్ మీద నడవాలో. మీట నొక్కితే ఆ మూడూ వరుసగా అతను రాసిన స్క్రిప్టుకి అందుతాయి. ఆమె ప్రతి గడీ నింపి, మళ్ళీ చదువుకునేది. అతను ఆమెకి 'చాదస్తం' అని పేరు పెట్టాడు. ఆమె అతన్ని 'తొందర' అంది. ఆ పోట్లాట ముదిరి, వాన సాయంత్రాల్లో ఒకే గొడుగు కింద బస్టాపు దాకా వెళ్ళింది.

ఒకరోజు ఆమె మధ్య గడి నింపకుండానే మీట నొక్కింది.

వరుసలో ఒకరు లేస్తే పక్కవాడు జరిగి కూర్చున్నట్టు, సర్వర్ పేరు వెళ్ళి టెస్టు పేరు చోట కూర్చుంది, సర్వర్ చోటు ఖాళీ అయింది. సర్వర్ ఏదో చెప్పకపోతే కస్టమర్లు వాడే అసలు సర్వరే అనుకునేలా స్క్రిప్టు రాసిపెట్టాడు మన తొందర మనిషి. టెస్టుకి ముందు పాత డేటా తుడిచేయడం దాని మొదటి పని. కస్టమర్ల ఆర్డర్లన్నీ ఊడ్చుకుపోయాయి.

మేనేజర్ ఆమెని రాజీనామా రాయమన్నాడు. ఆ ఉద్యోగం ఇచ్చే ఇన్సూరెన్సు మీదే వాళ్ళమ్మకి డయాలసిస్ జరుగుతోంది. ఆ సంగతి అతనికీ తెలుసు.

మేనేజర్ గది తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాడు. "వదిలేయమన్నది నేను సార్. స్క్రిప్టూ నాదే. ఎవరో ఒకరు పోవాలంటే నేను పోతాను."

"ఆలోచించే మాట్లాడుతున్నావా?"

"ఆలోచించి మాట్లాడటం ఇదే మొదలు."

మేనేజర్ సరేనన్నాడు. ఆయనకి బలి కావాలి, ఎవరైతేనేం.

ఆమె మెట్ల మీద అతన్ని ఆపింది. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"నిన్ను రమ్మని నేనడిగానా?"

"లేదు."

"అలా వదలకూడదని నాకు తెలుసు. ఒక్కసారైనా నీ మాట వినాలనిపించింది. ఇష్టం పుడితే బుద్ధి ఇలాగే గడ్డి తింటుంది కాబోలు."

ఈ మాట కోసమే అతను ఇన్నాళ్ళూ ఎదురుచూశాడు. తీరా విన్నాక ఏడుపొచ్చింది.

"రేపట్నుంచి ఏం చేస్తావు?" అంది.

"తెలీదు."

"రేపు అమ్మకి డయాలసిస్. నాకిక సెలవులివ్వరు. నువ్వు తీసుకెళ్ళు."

"నువ్వెవరు బాబూ అని ఆవిడ అడిగితే?"

ఆమె అరచేత్తో ముఖం తుడుచుకుంది. "కాబోయే అల్లుణ్ణని చెప్పు. ఉద్యోగం పోయిన సంగతి మాత్రం నేను చెబుతాను."