మౌనతెర పక్కకు జరిగిన సాయంత్రం

తన్మయి చేతిపలక మీద ఆకుపచ్చ గీత వెలిగేసరికి సాయంత్రం నాలుగు దాటి పది నిమిషాలైంది. ఫ్లూయిడ్ మెకానిక్స్ పాసైంది! మూడుసార్లు తప్పి, నాలుగోసారి పాసైంది. ఆమె మంచం మీదే లేచి నిలబడి, గొంతు జీరబోయేలా అరిచింది.

ఎవరికీ వినపడలేదు.

వినపడకూడదు కూడా. మంచం చుట్టూ పైకప్పు కమ్మీ నుంచి వేలాడుతున్న మౌనతెర ఆ అరుపును పూర్తిగా తాగేసింది. సబ్బు బుడగలా పల్చగా, ఎండ పడితే ఏడు రంగులు చిమ్ముతూ ఉండే ఆ తెర వెలుతురును రానిస్తుంది, శబ్దాన్ని మాత్రం ఇటునుంచి అటు పోనివ్వదు. లోపల ఎంత గట్టిగా మాట్లాడినా, ఆ మాట దూది మీద పడ్డ నీటిచుక్కలా అక్కడే ఇంకిపోతుంది, అన్నవాళ్లకే మొద్దుబారి వినిపిస్తుంది. హనుమకొండలో అద్దెగదుల పిల్లలకు మార్కులు పెరిగింది ఈ తెరలు వచ్చాకేనని అందరూ చెప్పుకుంటారు.

చెయ్యి చాస్తే అందేంత దూరంలో రజిత మంచం. తొర్రూరు నుంచి వచ్చిన రజితదీ అదే క్లాసు, అదే పేపరు, అదే నాలుగోసారి. ఆమె గోడవైపు తిరిగి పడుకుని ఉంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. చేతిపలకను గుండెకు హత్తుకుంది.

'ఇదీ పాసైంది! నవ్వు ఆపుకోలేకపోతోంది' అనుకుంది తన్మయి. సంతోషం రెట్టింపైంది. రజిత వీపు వైపు చూస్తూ మంచం మీదే రెండు గంతులు వేసి, చెప్పులు వేసుకుని కిందికి పరిగెత్తింది.

నయీంనగర్ సందులో అప్పటికే వందలమంది పిల్లలు. టీ బండి దగ్గర ఒక్కో బల్ల మీద గొడుగులా ఒక్కో తెర. ఒక బుడగలో ఎవరో తల వెనక్కి వాల్చి నవ్వుతున్నారు. ఇంకో బుడగలో ఇద్దరు చేతులు తిప్పుతూ పోట్లాడుకుంటున్నారు. తెర కింది మూకుడులో మిరపకాయ బజ్జీలు చప్పుడు లేకుండా పొంగుతున్నాయి. సందంతా నీళ్ల అడుగున ఉన్నట్టు అందంగా కదులుతోంది. తన్మయి వేళ్లతో సైగ చేసి రెండు పొట్లాల జిలేబీ కట్టించుకుంది. వేడి కాగితంలోంచి అరచేతికి తగులుతుంటే అదీ ఒక బహుమతిలాగే అనిపించింది.

గదికి వచ్చి రజిత తెర ముందు చెయ్యి ఊపింది. ఆ ఇళ్లలో మర్యాద అది. చెయ్యి ఊపి ఆగాలి, లోపలివాళ్లు తలూపితేనే తెర తియ్యాలి. అడగకుండా తియ్యడమంటే ఎదుటివాళ్ల కంచంలో చెయ్యి పెట్టినంత తప్పు. రజిత తిరగలేదు. తన్మయి మళ్లీ ఊపింది. జిలేబీ చల్లారిపోతోంది. ఇక ఉండబట్టలేక, తెరను కమ్మీ పొడవునా ఒక్క లాగు లాగేసింది.

గదిలోకి ఏడుపు వచ్చిపడింది.

వెక్కిళ్లతో, ముక్కు ఎగబీలుస్తూ, మధ్యలో ఊపిరి తెగిపోతున్న ఏడుపు. రెండేళ్లుగా పక్కపక్క మంచాల మీద పడుకుంటున్నా, రజిత ఏడిస్తే ఎట్లా ఉంటుందో తన్మయి వినడం అదే మొదటిసారి.

"ఏమైందే?"

"పోయింది. ఐదు మార్కులతోని పోయింది." రజిత లేచి కూర్చుంది. "నువ్వు గంతులేస్తుంటే గోడ మీద నీడ కనవడ్డది. పాసైనవని సమజైంది."

తన్మయికి తల కొట్టేసినట్టయింది. "నువ్వు నవ్వుతున్నవనుకున్ననే. సచ్చినంత ఒట్టు."

"రేపు పొద్దుగాల బస్సుకు ఇంటికి పోత. ఇంక రాను. సదువు నాతోని కాదు."

మంచం పక్కన పెట్టె అప్పటికే సగం సర్దేసి ఉంది. తన్మయి పొట్లం పక్కన పెట్టి, ఆమెను ఆనుకుని కూర్చుంది.

"నాకంటె ఎక్కువ నువ్వే సదువుతవు గదనే. ఎప్పుడు జూసినా పెదవులు ఆడుతనే ఉంటయి."

"ఆడుతయి. ఏం లాభం? మా బడిల అందరం కూసొని గట్టిగ సదివేటోళ్లం. పక్కపొల్ల తప్పు జెప్తే ఇని పట్టుకునేదాన్ని. నాకు కండ్లతోని ఎక్కదే, చెవులల్ల పడాలె. ఈ తెర నా గొంతును నాకే సక్కగ ఇనవడనియ్యది."

నిశ్శబ్దం ఉంటే అందరికీ చదువు వస్తుందని లెక్కగట్టి తెరను తయారుచేసినవాళ్లకు ఇలాంటి పిల్ల ఒకతె ఉంటుందని తట్టి ఉండదు. పక్క మంచం మీదున్న తన్మయికే తట్టలేదు!

ఆమె పుస్తకం తీసి, పైకి చదివింది. "ప్రవాహం సన్నబడిన చోట వేగం పెరుగుతుంది, పీడనం తగ్గుతుంది. అను."

రజిత ముక్కు తుడుచుకుని అంది. మొదట మెల్లగా, తర్వాత రాగం కలిపి. నాలుగోసారికి పుస్తకం వైపు చూడకుండా కారణం కూడా తనే చెప్పేసింది.

తలుపు మీద పసుపు దీపం వెలిగింది. గదిలో మోత హద్దు దాటితే ఇక్కడా, కింద ఓనరు ఇంట్లోనూ వెలిగే దీపం అది. నిమిషంలో ఇంటి ఓనరు అరుణక్క మెట్లెక్కి వచ్చింది.

"ఏందే ఈ లొల్లి? నా ఇంటికి నిశ్శబ్ద గృహమని మున్సిపాలిటోళ్లు బోర్డిచ్చిండ్రు. గుంజుకపోతే మీరు తెచ్చిస్తరా?"

"పాఠమక్కా," అంది తన్మయి, జిలేబీ పొట్లం ముందుకు చాపుతూ. "నేను పాసైన."

అరుణక్క ఒకటి తీసుకుంది. తిడదామని వచ్చింది కానీ గుమ్మంలోనే ఆగిపోయింది. "మల్లొకపారి అను బిడ్డా," అంది రజితతో. "ఈ తెరలు పెట్టినంక మా ఇంట్ల ఎవలు సదివినా ఇనలే, పదకొండేండ్లాయె."

రజిత అంది. అరుణక్క తలూపుతూ విని, వేళ్లు నాకి, దీపం వైపు చూసి నిట్టూర్చింది. "మంచిగుంది. గని ఈడ కాదు."

"ఈడ కాకపోతె బయట," అంది తన్మయి. ఆ ఆలోచన ఎక్కడినుంచి ఊడిపడిందో తనకే తెలియదు. "రేపు పొద్దుగాల వడ్డేపల్లి చెరువు కట్ట మీదికి పోదాం. మల్ల పరీక్షకు నలభై రోజులున్నయి. దినాం ఒక పాఠం. నేను సదువుత, నువ్వు అను."

"వాకింగ్‌కు వచ్చెటోళ్లు నవ్వరా?"

"నవ్వనియ్యే. నవ్వినా ఇనవడతది గద!"

రజిత కాలితో పెట్టెను మంచం కిందికి తోసి, జిలేబీ అందుకుంది.

"అయితె ఐదింటికే లేపు," అంది. "పేరు పెట్టి పిలువు. గట్టిగ."