అమ్మ చెయ్యి చెప్పిన వేడి

ఆ చలికాలం మొదలయ్యేనాటికి షావుకారు చేతిలో ఉన్న ఆస్తి ఇది: రెండు వీధులు కలిసే మూలన నీళ్ళ హీటర్ల కొట్టు, కొట్టు వెనకే ఇల్లు, ఇంట్లో మాట వినే భార్య, మాట వినని కూతురు, ఈమధ్య మాట సరిగా వినబడని తల్లి. వీటన్నిటికీ మించి, ఎంత వాడినా తరగనంత చిన్నచూపు. గిరాకీలంటే చిన్నచూపు, కంపెనీలంటే చిన్నచూపు, పాతబడ్డ వస్తువంటే మరీను. పాడైనదాన్ని అతను పాడైంది అనడు, తుక్కు అంటాడు. ఒకసారి ఆ మాట అన్నాక ఇక దానికి ధర కట్టడు, దాని వంక కన్నెత్తి చూడడు.

అలాంటివాడి స్నానాలగదిలోనే ఒక తుక్కు గోడకు వేలాడుతూ ఉండేది. దాని తొట్టి గట్టిదే, లోపలి కడ్డీ గట్టిదే. నీళ్ళు చాలినంత వేడెక్కగానే కరెంటు ఆపే థర్మోస్టాటు ఒక్కటే చచ్చిపోయింది. స్విచ్చి వేస్తే మరగడమే తప్ప ఆగడం తెలియని హీటరు అది. కొట్లో కొత్తవి వరసగా మెరుస్తుంటే ఇంట్లో ఇదేమిటని ఎవరైనా అడిగితే, కొట్లోవి అమ్మడానికే గాని అనుభవించడానికి కాదనేవాడు. థర్మోస్టాటు సంగతి ఎత్తితే అతని దగ్గర ఖర్చులేని జవాబొకటి ఉంది.

"మా ఇంట్లో థర్మోస్టాటు ఉందయ్యా. మా ఆవిడ చెయ్యి. ఇన్నేళ్ళలో ఒక్కసారి తప్పు చెప్పలేదు, ఒక్కసారి రిపేరుకు రాలేదు."

అందులో అబద్ధం లేదు. పొద్దున్నే అందరికంటే ముందు లేచి స్విచ్చి వేసేది ఆవిడే. ఆవిరి కనబడగానే ఆపి, బకెట్లోకి నీళ్ళు వదిలి, చన్నీళ్ళు కలిపి, చెయ్యి ముంచి చూసి, ఒక్కొక్కరినీ పేరుపేరునా పిలిచేది. భర్తకు ఒక వేడి, కూతురికి ఒక వేడి, అత్తగారికి గోరువెచ్చన. పొయ్యి మీది గిన్నెను గుడ్డ లేకుండా దించేస్తుంటే షావుకారు వచ్చినవాళ్ళకు చూపించి నవ్వేవాడు. అవి చేతులు కావు, పటకార్లు అనేవాడు. భార్యను మెచ్చుకోవడం అతనికి వచ్చింది అంతవరకే.

కూతురు హీటర్ల సర్వీసు సెంటర్లో ఉద్యోగం మానేసి వచ్చి అప్పటికి కొన్నాళ్ళయింది. ఎందుకు మానేశావని తండ్రి అడిగితే, బాగుచెయ్యడం నేర్చుకుందామని చేరితే వాళ్ళు మార్చెయ్యమని చెప్పడం నేర్పారంది. అది విన్న రోజున షావుకారు అన్నం తింటూ పొలమారేదాకా నవ్వాడు. మార్చెయ్యమని చెప్పబట్టే ఈ ఇంట్లో నాలుగు వేళ్ళూ నోట్లోకి పోతున్నాయని కంచం చూపించాడు.

పిల్ల మాత్రం పట్టు విడవలేదు. ఊళ్ళో సగం ఇళ్ళలో ఇలాంటి హీటర్లే ఉన్నాయి, ఆ ఒక్క ముక్క కోసం మొత్తం పారేస్తున్నారు, తక్కువలో ఒక డబ్బా తయారుచేస్తాను, పాత హీటరుకు తగిలిస్తే వేడి దానంతట అదే ఆగుతుంది, కొట్లో ఒక మూల బల్ల వేసుకోనియ్యండి అని అడిగింది. సొంత కొట్లో సొంత గిరాకీని చెడగొట్టడానికి బల్ల కావాలా అన్నాడు షావుకారు. అయినా కూతురు ఓడిపోవడం కళ్ళారా చూస్తే పీడ వదులుతుందని అతని లెక్క. అందుకని బేరం పెట్టాడు.

"ముందు మనింట్లో పెట్టు. చలి పోయేలోపు ఒక్క పొరపాటు జరగలేదా, బల్ల నీది. జరిగిందా, డబ్బా తుక్కులోకి, నువ్వు గల్లాపెట్టె దగ్గరికి. మళ్ళీ రిపేరు అన్న మాట నీ నోట రాకూడదు."

"సరే నాన్నా," అందా పిల్ల. బేరమాడకుండా ఒప్పుకున్నందుకు కూడా షావుకారుకు చిన్నచూపే కలిగింది.

వారం తిరక్కుండానే డబ్బా తయారైంది. పైన చూస్తే అన్నం పట్టుకెళ్ళే ప్లాస్టిక్ డబ్బా. లోపల అరచేతిలో పట్టే బోర్డు, కరెంటును కలుపుతూ తెంచుతూ టక్కుమని కొట్టుకునే రిలే. వేడిని కనిపెట్టే గింజంత ముక్కను సన్నటి రాగి గొట్టంలో పెట్టి మూతి మూసి, చచ్చిన థర్మోస్టాటు ఇంతకాలం కూర్చున్న చోటనే కూర్చోబెట్టింది. వేడి పెంచడానికి, తగ్గించడానికి పాత రేడియో మీది గుండ్రటి మీట. ఎర్తు సరిగా ఉందో లేదో కొట్లోని మెకానిక్‌ను పిలిచి చూపించుకుంది కూడా. షావుకారు గుమ్మంలో నిలబడి, మా ఇంజనీరమ్మ టిఫిన్ డబ్బాలో కరెంటు వండుతోందని మెకానిక్‌కు చెప్పాడు. జీతం తీసుకునేవాడు కాబట్టి మెకానిక్ నవ్వాడు.

ఇక మీట మీద గుర్తు పెట్టాలి. ఎక్కడిదాకా తిప్పితే నానమ్మ ఒంటికి పట్టే వేడి వస్తుందో తెలియాలి. వేరే ఇంట్లో అయితే థర్మామీటరు వెతికేవాళ్ళు. ఆ ఇంట్లో పుట్టి పెరిగిన పిల్లకు ఆ ఆలోచనే రాలేదు. వేడి ఎంతో తెలియాలంటే అమ్మను అడగాలి. ఆమెకు ఊహ తెలిసినప్పటినుంచీ అదే కొలత.

మీట కొంచెం తిప్పి, రిలే కరెంటు ఆపేదాకా చూసి, బకెట్లోకి నీళ్ళు పట్టి తల్లిని పిలిచింది. తల్లి చెయ్యి ముంచి, ఇంకొంచెం అంది. మళ్ళీ తిప్పింది. ఇంకొంచెం. ఆవిరి సన్నగా లేవడం మొదలయ్యాక తల్లి కాసేపు దానికేసే చూసి, "ఇదిగో, ఇక్కడ" అంది. పిల్ల గోళ్ళ రంగు తెచ్చి మీట పక్కన ఎర్రటి చుక్క పెట్టింది. ఇకనుంచి నువ్వు పొద్దున్నే స్విచ్చికి కాపలా కాయక్కర్లేదమ్మా అని మురిసిపోయింది. తల్లి చెయ్యి కొంగుకు తుడుచుకుంటూ ఊఁ అంది.

మర్నాడు పొద్దున షావుకారు పళ్ళు తోముకుంటూ ఉండగా స్నానాలగదిలోంచి తన తల్లి కేక వినబడింది. గట్టిగా మాట్లాడటమే మానేసిన మనిషి వేసిన కేక అది. కోడలు అలవాటు ప్రకారం మొదటి చెంబు కాళ్ళ మీద పోసింది కాబట్టి కాళ్ళతోనే పోయింది. పాదాలు రెండూ ఎర్రగా కందిపోయాయి, ఒక వేలి మీద బొబ్బ లేచింది. కోడలు చెంబు తరవాత చెంబు చన్నీళ్ళు పోస్తూనే ఉంది.

తల్లిని మంచం మీద కూర్చోబెట్టాక షావుకారు గొంతు సవరించుకున్నాడు. ఇలాంటి అవకాశాన్ని వదులుకునే మనిషి కాదు అతను.

"చూశావా? కన్నతల్లి లాంటి నానమ్మను ఉడకబెట్టావు. మనుషుల్ని చంపే డబ్బాకు కొట్లో బల్ల కావాలా నీకు? కంపెనీలవాళ్ళు బుద్ధిలేక లక్షలు పోసి ఫ్యాక్టరీలు పెట్టుకున్నారా? అన్నం డబ్బా చాలనుకోలేదు పాపం, నిన్ను అడగలేదు."

పిల్ల మొహం పాలిపోయింది. తప్పుంటే ఒప్పుకుంటాను, ముందు తప్పెక్కడుందో చూడనియ్యండి అంది.

"నువ్వు చూసేదేమిటి? నేనే చూపిస్తాను పద."

కొట్లో అతని దగ్గర పరీక్ష థర్మామీటరు ఉంది. నీళ్ళు కాగడం లేదని గిరాకీ వస్తే వాళ్ళ మొహం మీదే కొలిచి, హీటరు బాగానే ఉంది, మీ చర్మమే మందం అని పంపించడానికి వాడేది. దాన్ని తెచ్చి బకెట్లో ముంచాడు. యాభై నాలుగు. ఆ నీళ్ళు పారబోసి మళ్ళీ కాగనిచ్చాడు. రిలే టక్కుమంది. యాభై నాలుగు. డబ్బా ఎక్కడో ఒకచోట తడబడుతుందని మూడోసారి కూడా చూశాడు. మళ్ళీ అంతే. అతను అమ్మే కొత్త హీటర్లు కూడా అంత నిలకడగా ఆగవు. ఆ సంగతి అతనికి తెలుసు. తెలిసినందుకు ఒళ్ళు మండింది.

"డబ్బా సరే. గుర్తు తప్పుచోట పెట్టావు. నలభై దగ్గర పెట్టాల్సిన చుక్క ఇక్కడ పెడితే ఏ డబ్బా ఏం చేస్తుంది? చుక్క పెట్టడం కూడా చేతకాదు నీకు."

"చుక్క ఎక్కడ పెట్టాలో అమ్మ చెప్పింది నాన్నా."

షావుకారు పకపకా నవ్వాడు. చేసిన తప్పు ఒప్పుకోలేక తల్లి మీదకు తోసే కూతుర్ని కన్నందుకు ఆవిడ పుణ్యం ఏపాటిదో అన్నాడు. గుమ్మం దగ్గర నిలబడి ఉన్న భార్యను లోపలికి పిలిచాడు.

"ఏమే, ఇలా రా. ఆ నీళ్ళలో చెయ్యి పెట్టి, ఇవి ముసలావిడ కాళ్ళ మీద పోసే నీళ్ళేనా, చెప్పు దీనికి."

ఆవిడ వచ్చింది. బకెట్ ముందు కూర్చుని చెయ్యి ముంచింది. ముంచి, నీళ్ళకేసి చూడలేదు. భర్త మొహంలోకి చూసింది. జవాబు అక్కడ రాసి ఉన్నట్టు, అది చదవడానికి వెలుతురు చాలనట్టు చూసింది.

షావుకారు మొదట అర్థంకాక నిలబడ్డాడు. తరవాత అపనమ్మకంతో తన వేళ్ళు నీళ్ళలో పెట్టి చురుక్కుమని వెనక్కి లాక్కున్నాడు. అది చూసి ఆవిడ కూడా చెయ్యి తియ్యబోయింది. అప్పటికే అతను ఆవిడ మణికట్టు పట్టుకుని చేతిని పైకి లాగాడు. మోచేతికి కాస్త కిందివరకు ఎర్రబడి ఉంది. ఆవిడ ముఖంలో మాత్రం నొప్పి లేదు. దొరికిపోయిన భయం ఉంది.

"ఎప్పట్నుంచి?" అన్నాడు.

"పోయిన చలికాలం నుంచి. ముందు వేళ్ళ చివర్లు. ఇప్పుడు మొత్తం."

"మరి ఇన్నాళ్ళూ నీళ్ళెలా కలిపావు?"

"అలవాటే. వేడివి సగం, చన్నీళ్ళు సగం, మీకైతే చన్నీళ్ళు ఒక చెంబు తక్కువ. చెయ్యి ఊరికే పెట్టేదాన్ని, మీరు చూస్తారని. నిన్న కలిపేది లేదుగా. ఆవిరి సన్నగానే ఉంది కదా, ఇంతే ఉంటుందనుకున్నాను."

కూతురు గోడకు చేరబడి కూర్చుండిపోయింది. ఎందుకు చెప్పలేదమ్మా అని అడిగింది గాని, ఆ మాట సగంలోనే ఏడుపులో కలిసిపోయింది. తల్లి కూతురికేసి తిరగలేదు. భర్తకే జవాబు చెప్పింది. గొంతు పెంచకుండా, రోజూ కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగే గొంతుతోనే చెప్పింది.

"ఈ ఇంట్లో పనిచెయ్యనిదాన్ని మీరు ఏ పేరుతో పిలుస్తారో పెళ్ళయినప్పటినుంచీ వింటున్నాను. నా చెయ్యిని ఆ పేరుతో పిలిస్తే వినలేనండీ."

షావుకారు ఆవిడ చేతి మీద చన్నీళ్ళు పోశాడు.

గదిలోంచి ముసలావిడ పిలిచింది. వెళితే, కాళ్ళు చాపుకుని కొడుకును పైనుంచి కిందికి చూసింది.

"నాకు తెలుసురా. దాని చేతిలోంచి గ్లాసులు జారుతుంటే ఎన్నోసార్లు చూశాను. నీకు చెప్పలేదు. చెబితే మందు వెయ్యవు, పేరు పెడతావు. చెవులు పోయింది నాకనుకుంటున్నావు గాని, ఇంట్లో చెవిటివాడివి నువ్వే. ఆ పిల్ల చేసిన డబ్బా నయం, వేడి తగిలితే దానికి తెలుస్తుంది."

ఆ రోజు షావుకారు కొట్టు తెరవలేదు. తల్లి కాళ్ళకు మందు తెచ్చి, భార్యను డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాడు. రక్తంలో చక్కెర బాగా ఎక్కువైందని, ఎవరూ చూడకపోవడంతో నరాలు దెబ్బతిన్నాయని, స్పర్శ కొంత తిరిగొస్తుంది గాని అంతా రాదని డాక్టరు చెప్పింది. గుడ్డ లేకుండా గిన్నెలు దించుతుంటే ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదా అని అడిగింది. గొట్టం చూసి హీటరు వయసు చెప్పగల షావుకారు నేలచూపు చూశాడు. డాక్టరమ్మ అతనికేసి చూసిన చూపు అతనికి కొత్త కాదు. ఇన్నేళ్ళుగా కొట్లో బల్లకు అవతలివైపు నిలబడ్డవాళ్ళకు తను చూపించిన చూపే. దాని ఇవతలివైపు ఎలా ఉంటుందో మాత్రం అప్పుడే తెలిసింది.

తిరుగుదారిలో రోడ్డు దాటేటప్పుడు భార్య చెయ్యి పట్టుకున్నాడు. పట్టుకున్నట్టు ఆవిడకు తెలియలేదు. కాస్త గట్టిగా పట్టుకున్నాడు. అప్పటికీ తెలియలేదు. అప్పుడు అతనికి ఏడుపొచ్చింది. నడివీధిలో, తనను చూస్తే నమస్కారం పెట్టే జనం మధ్య ముక్కు తుడుచుకుంటూ నిలబడ్డాడు. అతను పట్టుకున్న చేతిని చూసి, తరవాత అతని మొహాన్ని చూసి ఆవిడే అతన్ని పక్కకు నడిపించింది.

"చేతకాని మనిషినే నేను," అన్నాడు.

"ఇప్పుడు తెలిసిందా," అంది ఆవిడ. పెళ్ళయ్యాక భర్తను ఒక మాట అనడం ఆవిడకు అదే మొదలు. అని, తనే భయపడింది. షావుకారు తల ఊపాడు.

ఎర్ర చుక్కను కూతురు గీకేసి, థర్మామీటరు పెట్టి కొత్త గుర్తు కొట్టింది. ఆ తరవాత చేసిన ప్రతి డబ్బా మీదా అంకెలు వేసింది. ఇంటింటికీ ఒక అమ్మ చెయ్యి ఉంటుంది, దాన్ని నమ్మకుండా ఉండటం కష్టం అనేది. బల్ల అడగకుండానే వచ్చింది. అది కూడా మూలన కాదు. అన్నిటికన్నా ఖరీదైన హీటరు నిలబడే చోట, వీధిలోకి కనబడేలా వచ్చింది. కొత్తవి అమ్ముడుపోవడం కొంత తగ్గింది. నష్టాన్ని నవ్వుతూ చెప్పుకునే వ్యాపారిని ఆ బజారు అంతకుముందు చూడలేదు. మతిపోయిందేమోనని పక్క కొట్టువాళ్ళు అనుకున్నారు. వాళ్ళంటే అతనికి చిన్నచూపు అలాగే ఉంది.

ఇక అతనికి మిగిలిందేమిటంటే, ఫిర్యాదులు. పొద్దున లేస్తూనే భార్య మొదలుపెడుతుంది. మోకాలు పీకుతోంది. మీ గురకకు నిద్ర పట్టలేదు. కిటికీ తలుపు వెయ్యమంటే వినరు. వేళ్ళలో చీమలు పాకుతున్నట్టుంది, డాక్టరు మంచిదే అంది, కాని చిరాగ్గా ఉంది. షావుకారు కుర్చీ దగ్గరికి లాక్కుని అన్నీ వింటాడు, ఇంకా ఏమైనా ఉన్నాయా అని అడుగుతాడు. బజారులో ఫిర్యాదును నష్టం కిందే రాసుకుంటారు. ఇంట్లో దాన్ని లాభం కింద కట్టుకోవాలని అతనికి తెలిసింది. ఆ చలికాలం అతను సంపాదించింది అంతే.