పుట్టింటి బొప్పాయి మొక్క

1999 నవంబరులో ఆ శుక్రవారం పొద్దున, అరబ్బు దేశంలో, అల్ మన్సూరా పేటలోని ఒంటిగది ఫ్లాట్‌లో ఎవరికీ టీ కూడా సరిగా దిగలేదు. షఫీ అప్పటికే రెండు చొక్కాలు మార్చాడు. మెసైమీర్ దగ్గరి తోటలో అతను ఏడాదిగా కంటికి రెప్పలా పెంచిన మూడు వందల బొప్పాయి చెట్లకు ఆ రోజే మొదటి కోత. జుమ్మా నమాజు కాగానే అర్బాబ్, అంటే తోట యజమాని, స్నేహితులను వెంటబెట్టుకుని వస్తానన్నాడు. కోత బాగుంటే కొత్త తోట కూడా షఫీకే, దానితోపాటు రెండు గదుల ఇల్లు. బాగోకపోతే వీసా రద్దు చేసి ఊరికి పంపుతాడు. ఆ సంగతి షఫీ తలుచుకోలేదు.

తలుచుకోవాల్సిన అవసరమూ కనపడలేదు. అర్బాబ్ తెప్పించింది అమెరికా విత్తనం. బొప్పాయి రైతుల కొంపలు ముంచే వైరస్ సోకకుండా అక్కడి శాస్త్రవేత్తలు జన్యువులే మార్చి పుట్టించిన రకం. ఆ మాట షఫీ తన పిల్లనిచ్చిన మామ ఇమామ్‌కు నాలుగు రోజుల్లో పదిసార్లు చెప్పాడు. రైల్వేకోడూరులో ముప్పై ఏళ్లు బొప్పాయి పండించి, కూతురిని చూడడానికి విజిట్ వీసా మీద వచ్చిన ఇమామ్ విన్నదే మళ్లీ విన్నాడు. తెగులు రాని బొప్పాయిని చూడాలని ఆయనకు చిన్నపిల్లాడంత ఆత్రం.

షఫీ, అతని భార్య ఖాసింబీ, ఇమామ్ ముగ్గురూ పికప్ ఎక్కి తోటకు చేరేసరికి తొమ్మిదయింది. ఖాసింబీ దిగీ దిగగానే తండ్రి చెయ్యి పట్టుకుని నీళ్ల కుళాయి దగ్గరికి లాక్కెళ్లింది. అక్కడ ఉంది ఆమె పుట్టింటి మొక్క. కూతురి ఇంట్లో తన తోట చెట్టు ఒకటి ఉండాలని ఆరు నెలల కిందట ఇమామే తడిగుడ్డలో చుట్టి, ఆవకాయ డబ్బా పక్కన పెట్టి, ఊరి నుంచి వచ్చేవాళ్లతో పంపాడు. ఫ్లాట్‌లో చోటు లేక షఫీ తెచ్చి ఇక్కడ నాటాడు. భార్య ముచ్చట తీర్చానని అప్పట్లో తెగ మురిసిపోయాడు.

ఇమామ్ నవ్వుతూ ఆకు పట్టుకున్నాడు. ఆయన నవ్వు అక్కడే ఆగిపోయింది. పసుపు పచ్చని మచ్చలు, ముడుచుకున్న చిగుళ్లు, కాడ మీద నూనె మరకల్లాంటి చారలు. ఆయన పక్కనున్న అమెరికా చెట్ల వరుసలోకి నడిచాడు. అక్కడ కాయల మీద కూడా గుండ్రటి మచ్చలు తేలుతున్నాయి.

"అల్లుడా, ఇది మా ఊరి వైరస్సే," అన్నాడు.

షఫీ నవ్వేశాడు. వాటికి వైరస్ రాదని, అవి ఎండ మచ్చలని పదకొండోసారి చెప్పాడు. చెబుతూనే అతనికి విత్తనంతో వచ్చిన కాగితం గుర్తుకొచ్చింది. ఈ రకం తమ ప్రాంతపు వైరస్‌నే తట్టుకుంటుందని, వేరే దేశాల వైరస్‌ల సంగతి చెప్పలేమని అందులో ఒక వాక్యం ఉంది. ఆ వాక్యాన్ని అతను చదివి వదిలేశాడు. తెగులే రాదనే ధీమాతో నెల రోజులుగా ఆకులు తిప్పి చూడడం కూడా మానేశాడు.

"వాళ్లూరి దొంగను పట్టే కుక్క, మనూరి దొంగను జూసి తోకాడించింది," అన్నాడు ఇమామ్ మెల్లగా.

షఫీకి కోపం ముంచుకొచ్చింది. మామ పంపిన మొక్కే తన కడుపు కొట్టిందన్నాడు. కానుక పేరుతో రోగం పంపావన్నాడు. ఖాసింబీ అడ్డుపడితే ఆమెనూ కసిరాడు. మచ్చల కాయలు కోసి దాచేసి, అర్బాబ్‌ను అవతలి వరుసలకే తిప్పుతానని కత్తి తీసుకున్నాడు.

ఇమామ్ ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"పోయినేడు నేనూ ఇట్లే దాచినా. కోత అమ్ముకునేదాకా ఎవురికీ చెప్పల్యా. పేనుబంక పురుగు ఆ తెగుల్ని మోసుకోని పక్కోళ్ల తోటల్లోకి పాయె. నాలుగిండ్లోళ్లు నా వల్ల కూలికి పోతాండారు. దాంట్లో బాగుండాదనుకున్న మొక్కనే ఏరి నీకు పంపినా. తప్పు నాది. ఆ మాట నేనే మీ అర్బాబుకు చెప్తా, నువ్వు అరబ్బీలో చెప్పు."

షఫీ చేతిలో కత్తి కిందికి దిగింది. ముప్పై ఏళ్లు సేద్యం చేసిన రైతు తన ముందు తల వంచి నిలబడితే, అతను కత్తి పక్కన పెట్టి సరేనన్నాడు.

జుమ్మా కాగానే అర్బాబ్ స్నేహితులతో వచ్చాడు. మామ మాట ఒక్కటే చెప్పి షఫీ ఊరుకోలేదు, తను నాటిన సంగతి, చూడడం మానేసిన సంగతీ చెప్పాడు. అర్బాబ్ ముఖం ఎర్రబడింది. చాలాసేపు వరుసలన్నీ తిరిగాడు. అవతలి వైపు చెట్లు నిగనిగలాడుతున్నాయి. అక్కడి పండు కోయించి ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు, తల ఊపాడు. జబ్బు చెట్లు లెక్కపెడితే ఇరవై మూడు తేలాయి, అన్నిటినీ సాయంత్రానికల్లా పీకి కాల్చేయమన్నాడు. కొత్త తోట మాట ఈ తోట బతికాక చూద్దామన్నాడు. కారెక్కబోతూ, ఈ పెద్దాయన ఇక్కడ ఉన్నన్నాళ్లు రోజూ పొద్దున తనే ప్రతి చెట్టూ చూడాలని చెప్పి వెళ్లాడు.

షఫీ ఎగిరి గంతేసినంత పని చేశాడు. ఉద్యోగం నిలిచింది! పరుగున వచ్చి మామ రెండు చేతులూ కళ్లకు అద్దుకున్నాడు.

"నోరు జారినా మామా. మనసులో పెట్టుకోగాకు."

ఇమామ్ తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు. ఊరికి పోగానే ఆ నాలుగిళ్లకూ వెళ్లి నిజం చెబుతానన్నాడు.

ముందుగా కుళాయి దగ్గరి మొక్కను పీకాలి. ఇద్దరు మగవాళ్లూ అటు వెళ్లకుండా మంటలోకి పుల్లలు ఎగదోస్తూ ఉండిపోయారు. ఖాసింబీయే కొంగు బిగించి, రెండు చేతులతో దాన్ని వేళ్లతో సహా పెకలించి మంటలో వేసింది. ఆమె చెంపల మీద నీళ్లు కారుతున్నాయి.

"ఇంకో మంచి మొక్క పంపుతాలేమ్మా," అన్నాడు తండ్రి అలవాటుగా.

"మొక్క వద్దు నాయనా. మళ్లీసారి గూడా నువ్వే రా."