పది నిమిషాల పాలు

పొద్దున ఆరున్నరకు జమ్మలమడుగులోని ఆ ఇంట్లో పాలు పొంగాయి, వాటితోపాటే పంతాలూ పొంగాయి. కీర్తన స్టవ్వు కట్టేసి, చిన్న స్టీలు గ్లాసులో పాలు చల్లార్చి తెచ్చి కూతురి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"మా షారోను బంగారు గదా! ఒక్క గుక్క తాగమ్మా."

రెండేళ్ళ నాలుగు నెలల షారోను గ్లాసును చూసింది, తల్లిని చూసింది, చెయ్యి ఒక్క విసురు విసిరింది. పాలన్నీ కీర్తన నైటీ మీద పడ్డాయి. అంతటితో ఆగిందా? "జేజీ! సీసా!" అంటూ నాయనమ్మ ఆనందమ్మ దగ్గరికి ఉరికి, ఇల్లు పీకి పందిరేసింది.

కీర్తన కువైట్ నుంచి వచ్చి ఆరు రోజులైంది. ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే భర్త శుభాకర్ కాలు విరిగి మంచాన పడ్డప్పుడు, పది నెలల చంటిబిడ్డను అత్త చేతిలో పెట్టి కువైట్‌లో ఒక ఇంట్లో వంటపనికి వెళ్ళింది. ఏడాదిన్నర చాకిరీ చేసింది. శుభాకర్ మళ్ళీ డ్యూటీకి పోతున్నాడని తెలిశాక, ఇక చాలనుకుని వచ్చేసింది. అక్కడున్నన్నాళ్ళూ ఇక్కడి సాయంత్రం ఆరింటికి ఇంటికి వీడియో కాల్ చేసేది. బియ్యం డబ్బాకు ఆనించిన ఫోను ముందు పాప బాసింపట్టు వేసుకుని, పాలసీసా చీకుతూ, కళ్ళార్పకుండా ఆమెనే చూసేది. ఆ చూపుతోనే కీర్తన మర్నాటి దాకా బతికేది.

తీరా ఎదురుగా వచ్చి నిలబడితే, ఎవరో కొత్త చుట్టం వచ్చినట్టు ఆ బిడ్డ జేజి కొంగు వెనక దాక్కుంది. కన్నకడుపుకు అంతకన్నా దెబ్బ ఏముంటుంది చెప్పండి!

దానికి తోడు మొన్న ప్రొద్దుటూరులో పళ్ళ డాక్టరు పాప నోరు తెరిచి, నల్లబడిన ముందుపళ్ళు చూపించాడు. "ఇంకా సీసానేనా? ఏడాది దాటిన బిడ్డకు గ్లాసు అలవాటు చేయాలని ఎవరూ చెప్పలేదామ్మా?" అన్నాడు. కీర్తనకు తల కొట్టేసినట్టయింది. ఇంటికి రాగానే సీసాను తీసుకెళ్ళి చెత్తబండిలో పడేసింది. ఆ క్షణం నుంచి పాప పాలు ముట్టలేదు.

"ఒక్కసారిగా పీకేస్తే ఎట్ల కీర్తనా? బిడ్డ చిక్కిపోతాండాది. మెల్లిగా మాన్పిద్దాం," అంది ఆనందమ్మ నేల తుడుస్తూ.

"మెల్లిగా మెల్లిగా అనే ఇంతదాకా తెచ్చినావు గదా అత్తా!"

ఆనందమ్మ గుడ్డ పిండుకుని మళ్ళీ నేల తుడవసాగింది. వీధిలో ఎవరితోనైనా మాటకు మాట అప్పజెప్పే మనిషి, కోడలు వచ్చినప్పటి నుంచీ నోట్లో నాలుక లేనట్టే ఉంటోంది.

ఆ సాయంత్రం ఆరింటికి కీర్తన మిద్దె మీద ఆరేసిన బట్టలు తీసుకుని దిగింది. రెండు రోజులుగా ఏడుపులతో అదిరిపోతున్న ఇల్లు చడీచప్పుడు లేకుండా ఉంది. అనుమానమొచ్చి సామాన్ల గదిలోకి తొంగిచూసింది. బియ్యం డబ్బాకు ఆనించి అత్త ఫోను ఉంది. అందులో కీర్తన ఫొటో. దాని ముందు బాసింపట్టు వేసుకుని, కొత్త సీసాతో పాలు తాగుతూ షారోను. పక్కనే ఆనందమ్మ.

బట్టలు నేల మీద పడ్డాయి. "ఓహో! దొంగచాటుగా కొత్త సీసా కూడా కొన్నావా అత్తా?"

"అరవద్దు తల్లీ, బిడ్డ దడుచుకుంటాది. రెండు దినాల నుంచి పాలు లేకుండా ఉండాదని..."

"నాకంతా తెలుసులే! సీసా నీ చేతిలో ఉంటే బిడ్డ నీ చేతిలో ఉంటాది. కన్నది నేనైనా, నువ్వే తల్లి అనిపించుకోవాల. పండ్లు పుచ్చిపోతే నీకేంది!"

అప్పుడే డ్యూటీ నుంచి వచ్చిన శుభాకర్ గడపలోనే ఆగిపోయాడు. "ఏంది కీర్తనా ఆ మాటలు?"

"నువ్వు ఉండప్పా," అని ఆనందమ్మ కొడుకును చేత్తో ఆపింది. "బిడ్డకు గ్లాసు నేర్పలేదనుకుంటాండావా కీర్తనా? నీళ్ళు గ్లాసుతోనే తాగుతాది, నువ్వు చూడలేదా? ఏడాది నిండినప్పుడే నేర్పినా. ఒక దినం గ్లాసుతో పాలిచ్చి నీ ముందర కూచోబెడితి. రెండు నిమిషాల్లో గటగటా తాగేసి ఆటకు ఉరికె. 'పాప యాడికి పాయ అత్తా, ఇంకొక్కసారి చూపీ అత్తా' అని నువ్వు ఫోనులో ఏడిస్తివి. గుర్తుండాదా?"

గుర్తుంది. ఆ రోజు కువైట్‌లో, ఇంటివాళ్ళకు వినబడకుండా కుళాయి తిప్పుకుని మరీ ఏడ్చిన సంగతి ఎలా మరిచిపోతుంది?

"మరుసటి దినం మళ్ళ సీసానే ఇస్తి. సీసా అయితే పది నిమిషాలు కదలదు, నిన్నే చూస్తా కూచుంటాది. అంత దూరంలో ఉండావు, నీకు ఆ పది నిమిషాలన్నా దక్కాలని ఇస్తి తల్లీ. పండ్లకు ఇంత చేటని నాకు తెలీదు. తప్పు నాదే."

కీర్తన అత్త చేతులు పట్టుకుని భోరుమంది. "నా నోరు పడిపోను! ఎంత మాటంటి! ముందే ఎందుకు చెప్పలేదు అత్తా?"

"చెప్తే? నువ్వు ఏడ్చేదానికి శానా ఉండె ఆడ. దానికి తోడు ఇది కూడా ఎందుకులే అని."

ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు తల పెట్టుకుని ఏడ్చారు. పాప మాత్రం ఇవేవీ పట్టనట్టు ఫోనులోని అమ్మనే చూస్తూ పాలు పూర్తి చేసింది. ఆ పిల్లకు అమ్మంటే బియ్యం డబ్బా దగ్గర ఉండే మనిషి. పాపం, పసిదానికి ఏం తెలుసు!

మర్నాడు సాయంత్రం ఆరు కొట్టగానే కీర్తన వంటింట్లోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుని అత్త ఫోనుకు వీడియో కాల్ చేసింది. సామాన్ల గదిలో ఫోను మోగింది. ఆనందమ్మ దాన్ని ఎప్పటిలాగే డబ్బాకు ఆనించి, ఈసారి పాప చేతికి స్టీలు గ్లాసు ఇచ్చింది. పాప మొహం ముడుచుకోబోయింది.

"షారోనూ! అమ్మ కూడా పాలు తాగుతాండాది చూడు!" కీర్తన తన చేతిలోని గ్లాసు ఎత్తి ఒక గుక్క తాగి, మూతి మీద తెల్లమీసం చూపించింది.

పాప కిలకిలా నవ్వింది. గ్లాసు రెండు చేతులా పట్టుకుని తనూ ఒక గుక్క తాగింది. "నాకూ!" అని మీసం చూపించింది.

"ఓయమ్మో, నా తల్లికి ఎంత పెద్ద మీసమో!"

ఆ మాట ఫోనులో వినబడింది, వంటింట్లోంచీ వినబడింది. పాప తాగడం ఆపి ఫోను వైపు, తలుపు వైపు మార్చి మార్చి చూసింది. లేచి, పాలు తొణుకుతున్న గ్లాసుతో చిన్న చిన్న అడుగులు వేస్తూ వచ్చి వంటింటి తలుపు తోసింది.

అక్కడ అదే నైటీ, అదే గ్లాసు, అదే మీసం.

పాప వేలు పెట్టి ఆ తెల్లమీసాన్ని తుడిచింది. తడిగా తగిలింది. "అమ్మ," అంది మెల్లిగా, తనకు తానే చెప్పుకుంటున్నట్టు. కీర్తన తన గ్లాసు కింద పెట్టింది. చేతులు చాపింది. పాప వచ్చి ఆమె ఒడిలో బాసింపట్టు వేసుకుని కూర్చుని, మిగిలిన పాలు గటగటా తాగేసింది.

గడపలో నిలబడ్డ ఆనందమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. "చూస్తివా, రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఇంగ ఆటకు ఉరుకుతాది చూడు."

గ్లాసు ఖాళీ అయి చాలాసేపైంది. షారోను ఒడి దిగలేదు.